బ్యాంకాక్ ప్యాకేజీలో 'సిటీ టూర్' అని ఉందా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

థాయిలాండ్ నాలుగు రాత్రులు, ఐదు రోజుల ప్యాకేజీ తీసుకోబోతున్నవాళ్ళకి చెబుతున్నాను. కాగితం మీద 'బ్యాంకాక్ సిటీ అండ్ టెంపుల్ టూర్' అని ఉంటే గ్రాండ్ ప్యాలెస్ కూడా అందులోనే ఉందనుకోకండి. మేం అలాగే అనుకున్నాం. తలకి 54 వేల చొప్పున ఐదుగురికి కట్టి, ఆ ప్యాలెస్ గోడ బయట నిలబడి తిరిగొచ్చాం.

అసలు మేం బయల్దేరిందే అమ్మ కోసం. రోజూ పొద్దున్నే రామాయణంలో ఒక సర్గ చదవందే అమ్మ కాఫీ ముట్టదు. గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలో మరకత బుద్ధుడి గుడి ఉంది. దాని చుట్టూ ఉన్న వసారా గోడల నిండా రామాయణం బొమ్మలే, 178 ఘట్టాలు. వాళ్ళు రామకియెన్ అంటారు. రావణుణ్ణి తోసకాన్ అని పిలుస్తారు, అంటే దశకంఠుడే. హనుమంతుడు తెల్లగా ఉంటాడు. మైరావణుడు ఎత్తుకుపోకుండా, హనుమంతుడు కొండంత పెరిగి రాముడున్న మండపాన్ని నోట్లో పెట్టుకుని కాపలా కాసే బొమ్మ ఒకటి ఉంది. అమ్మ దాన్ని ఎవరో తీసిన వీడియోలో చూసింది. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథలో హనుమంతుడు తోకని కోటలా చుట్టి కాపలా కాస్తాడట. "వీళ్ళు నోట్లో పెట్టించారే! ఆ గోడ ఒక్కసారి కళ్ళారా చూడాలే" అంది. అంతే, టికెట్లు తీసుకున్నాం.

మా ఊళ్ళో ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళి ఈ సంగతంతా చెప్పాను. అక్కడున్నాయన "అదంతా సిటీ టూర్లో వచ్చేస్తుంది మేడం, మీరు నిశ్చింతగా వెళ్ళిరండి" అన్నాడు. ఆ నోటి మాట నమ్మడమే నేను చేసిన పొరపాటు. కాగితం రాయించుకోలేదు.

ఐదు రోజులని చెప్పే ఈ ప్యాకేజీలో నిజంగా చేతికొచ్చేది ఎంతో చూడండి. మొదటి రోజు తెల్లవారుజామున బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు సువర్ణభూమిలో దిగాం. ఇమిగ్రేషన్ అయ్యాక మిగతా కుటుంబాలన్నీ వచ్చేదాకా బస్సు కదల్లేదు. అక్కణ్ణుంచి మా మొదటి మకాం పటాయా, సముద్రం ఒడ్డు ఊరు, దాదాపు 120 కిలోమీటర్లు. పన్నెండింటికి చేరితే రూమ్ రెండింటికి ఇచ్చారు. రెండో రోజు కోరల్ ఐలాండ్. స్పీడ్ బోటుని దారిలో సముద్రం మధ్య పారాసెయిలింగ్ బల్ల దగ్గర గంట ఆపారు. డబ్బు కట్టి ఎగిరేవాళ్ళు ఎగిరారు, మిగిలినవాళ్ళం ఎండలో కూర్చున్నాం. మూడో రోజు రూమ్ ఖాళీ చేయించి, ఒక నగల షోరూమ్ చూపించి, సాయంత్రానికి బ్యాంకాక్ తెచ్చారు. ఐదో రోజు పొద్దున్నే ఫ్లైటు. అంటే బ్యాంకాక్‌కి మిగిలింది నాలుగో రోజు ఒక్కటే.

ఆ రోజు ఎనిమిదింటికి వస్తానన్న బస్సు తొమ్మిదీ పదికి వచ్చింది. కాగితంలో 'ఎస్ఐసీ' అని ఉంటుంది గమనించండి. సీట్ ఇన్ కోచ్ అని దాని అర్థం. అందరి హోటళ్ళూ తిరిగి ఎక్కించుకునే బస్సన్నమాట. ముందు వాట్ త్రైమిత్‌కి తీసుకెళ్ళారు, వాట్ అంటే గుడి. అయిదున్నర టన్నుల బంగారు బుద్ధుడు. పైన సున్నం పూత ఉండడంతో మామూలు విగ్రహమనుకున్నారట. 1955లో వేరే చోటికి తరలిస్తుంటే పూత పగిలి లోపల బంగారం బయటపడింది. బాగుంది, కాదనను. తర్వాత పాలరాతి గుడి, ఇటలీ నుంచి తెప్పించిన రాయి. అక్కణ్ణుంచి మళ్ళీ రత్నాల షోరూమ్. గంటన్నర! కొనకపోయినా అంతసేపూ ఉండాల్సిందే, బస్సు తలుపు తియ్యలేదు. మామూలుగా ఈ 'టెంపుల్ టూర్' అంటే ఈ రెండు గుళ్ళూ, ఒక షోరూమూ అని గైడు తర్వాత చెప్పాడు. గ్రాండ్ ప్యాలెస్ టికెట్టు విదేశీయులకి మనిషికి 500 బాత్, మేం వెళ్ళినప్పుడు మన డబ్బుల్లో పదమూడు, పద్నాలుగు వందలు. అది కలిపితే ప్యాకేజీ రేటు పెరుగుతుంది, అందుకే కలపరు.

రెండూ పదికి బస్సు సనామ్ లువాంగ్ మైదానం పక్కనుంచి పోతుంటే "లెఫ్ట్ సైడ్ గ్రాండ్ ప్యాలెస్, ఫొటో, ఫొటో" అన్నాడు గైడు. లోపలికి ఎప్పుడని అడిగితే కాగితం తీసి చూపించాడు. చిన్న అక్షరాల్లో ఉంది: 'గ్రాండ్ ప్యాలెస్, ఫొటో స్టాప్'. అమ్మకి ఏం చెప్పాలో తోచలేదు. బస్సు దిగిపోయాం.

ఇక్కడ రెండో దెబ్బ తగిలింది. గోడ వెంట నడుస్తుంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కార్డు వేలాడేసుకున్న ఒకతను ఎదురొచ్చాడు. చేతిలో మ్యాపు. ఈ రోజు ప్రత్యేక పూజలు, మూడున్నర దాకా మూసేశారు, ఈలోపు 20 బాత్‌కి టుక్‌టుక్‌లో వేరే గుళ్ళు చూసి రండి అన్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఎక్కాం. ఒక చిన్న గుడి, ఒక టైలర్ షాపు, మళ్ళీ ఒక రత్నాల కొట్టు. తిరిగొచ్చేసరికి మూడూ నలభై. టికెట్లు మూడున్నరకే ఆపేస్తారు. లోపల్నుంచి జనం టికెట్లు చేత్తో పట్టుకుని బయటికి వస్తూనే ఉన్నారు. పొద్దుట్నుంచీ తెరిచే ఉందట. బ్యాంకాక్‌లో ఇది చాలా పాత మోసమని తర్వాత తెలిసింది. గేటు దగ్గరికి వెళ్ళి మీ కళ్ళతో చూసేదాకా 'క్లోజ్డ్' అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఇబ్బంది పెడితే టూరిస్ట్ పోలీసు నంబరు 1155.

అమ్మ ఒక్క మాటా అనలేదు. ఆ తెల్లగోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఎండకి గోడ కాలుతోంది, అయినా చెయ్యి తియ్యలేదు. "ఇటు పక్కనే ఉండుంటాయేమో బొమ్మలు" అంది. నాకు ఏడుపొచ్చింది.

మీకు ఇలా జరగకూడదు కాబట్టి వివరంగా చెబుతున్నాను. బ్యాంకాక్‌లో ఒక్క రోజే ఉంటే బస్సు టూరు వదిలేసి మీరే వెళ్ళండి, కష్టమేం కాదు. మెట్రోలో సనామ్ చాయ్ స్టేషన్లో దిగితే వాట్ ఫో పక్కనే. అక్కణ్ణుంచి ప్యాలెస్‌కి నడిచిపోవచ్చు. ఎనిమిదిన్నరకి తెరుస్తారు, ఆ వేళకే గేటు దగ్గర ఉండండి. ఎండా తక్కువ, జనమూ తక్కువ. భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి. మా అబ్బాయి నిక్కరులో ఉన్నాడు, టైముకి వెళ్ళినా వాణ్ణి ఆపేసేవాళ్ళే. చీరకి ఏ ఇబ్బందీ లేదు. ప్యాలెస్ అయ్యాక వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుడు, అక్కడి రేవులో పడవెక్కి నది దాటితే వాట్ అరుణ్. ఈ మూడూ ఒకే పూటలో చూడొచ్చు, పెద్దవాళ్ళుంటే మధ్యలో భోజనానికి కాస్త ఎక్కువ సేపు ఆగండి.

డబ్బు విషయంలో ఇంకో రెండు సంగతులు. థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే 1 నుంచి తప్పనిసరి చేశారు. అది పూర్తిగా ఉచితం, వాళ్ళ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్లో అక్కడ దిగేముందు మూడు రోజుల్లోపు మనమే నింపుకోవచ్చు. మా దగ్గర 'అరైవల్ కార్డు ఛార్జీ' అని మనిషికి 500 రూపాయలు తీసుకున్నారు. అలాగే టీసీఎస్ అని, అంటే విదేశీ టూరు మీద ఏజెంటు ముందే తీసుకునే పన్ను, వసూలు చేస్తే అది మీ పాన్ మీద 26ఏఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పేరున జమైన పన్నుల పట్టికలో, పడిందో లేదో తప్పకుండా చూసుకోండి. రిటర్న్ వేసినప్పుడు ఆ డబ్బు మీ లెక్కలోకి వస్తుంది. మా డబ్బు ఇంతవరకూ అందులో కనబడలేదు.

తిరిగొచ్చాక ఆఫీసుకి వెళ్తే "కాగితంలో ఫొటో స్టాప్ అనే ఉంది కదమ్మా" అన్నారు. వచ్చే టూరుకి వెయ్యి రూపాయలు తగ్గిస్తారట. వద్దని చెప్పి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. జవాబు రావాలి.

ఈ వారం అడ్వాన్సు కట్టబోతున్నవాళ్ళు మీ ఏజెంటు చేత ఈ ఒక్క మాట వాట్సాప్‌లో రాయించుకోండి: 'గ్రాండ్ ప్యాలెస్ లోపలికి, టికెట్టుతో సహా, పొద్దున్న పూటే'. రాయనంటే అక్కడ కట్టకండి.