ఒక్క గైడ్ చాలా, ఇంకెవరైనా కావాలా? ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్‌లో కొత్తవాళ్ళకు ఏది మేలు?

పీహెచ్‌డీ చివరికొచ్చినవాళ్ళూ, పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన కొనసాగించే పోస్ట్‌డాక్‌లో కొత్తగా చేరినవాళ్ళూ, ఎండీ చేసి పరిశోధన వైపు రావాలనుకునే డాక్టర్లూ ఈ ప్రశ్న తరచూ అడుగుతుంటారు. ఉన్న కాస్త టైమూ డబ్బూ దేనిమీద పెట్టాలి? పెద్ద కాన్ఫరెన్సుకు వెళ్ళి పరిచయాలు పెంచుకోవాలా? ఏదైనా మెంటరింగ్ ప్రోగ్రాంలో చేరాలా? లేక గైడ్‌నే నమ్ముకుని పని చేసుకుపోవాలా? మిగతా సైన్సుల సంగతి ఎలా ఉన్నా, ల్యాబ్‌లో తేలినదాన్ని రోగి దాకా చేర్చాల్సిన ఈ రంగంలో నా మాట ఒకటే. ముందు ఆసుపత్రి వైపు నుంచి ఒక మెంటర్‌ను సంపాదించుకోండి. తక్కినవి ఆ తర్వాత.

మంచి గైడ్ దొరకడం అదృష్టమే, కాదనను. పద్ధతి నేర్పేదీ, రాత దిద్దేదీ, నాలుగు చోట్ల మన పేరు చెప్పేదీ ఆయనే. కానీ మన దగ్గర ఫారాల మీద సంతకం, పేపర్‌లో పేర్ల వరస, రికమండేషన్ లెటర్ అన్నీ ఆ ఒక్క మనిషి చేతిలోనే ఉంటాయి. కాబట్టి 'ఈ ప్రాజెక్టు నాకు సరిపోతుందా', 'కంపెనీ ఉద్యోగానికి వెళ్ళిపోనా' లాంటి సందేహాలు ఆయన దగ్గర నోరు విప్పి చెప్పుకోలేం. అసలు ఇబ్బంది ఇంకొకటి. ల్యాబ్‌లోనే ముప్పై ఏళ్ళు గడిపిన గైడ్‌కు ఓపీ ఎలా నడుస్తుందో తెలియాలని లేదు.

ఒక చిన్న విషయం చూడండి. డయాబెటిస్ మీద పనిచేసేవాళ్ళకు ఆసుపత్రి నుంచి రక్తం శాంపిళ్ళు వస్తాయి. ఉదయం తీసిన ట్యూబులు ఓపీ రద్దీలో ట్రేలోనే ఉండిపోయి, మధ్యాహ్నం ఎవరికో తీరిక దొరికాక ల్యాబ్‌కు చేరతాయి. రక్తకణాల నుంచి ప్లాస్మా వేరు చేయకుండా మామూలు గది వేడిలో ఉంచేస్తే, కణాలు గ్లూకోజ్‌ను వాడేసుకుంటూ ఉంటాయి. గంటకు సుమారు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మెషీన్ ఉన్నా పోయిన గ్లూకోజ్ తిరిగి రాదు. శాంపిళ్ళు ఎవరు తీస్తారో, ఏ టైముకి తీస్తారో, ప్లాస్మా వేరుచేసే సెంట్రిఫ్యూజ్ మెషీన్ ఏ గదిలో పెడితే పని సాగుతుందో చెప్పగలిగేది ఆ వార్డులో తిరిగే డాక్టరో, అక్కడి సీనియర్ రెసిడెంటో.

హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రసాయనాలు పడి ఒక కన్ను దెబ్బతిన్నవాళ్ళకు, బాగున్న కంటి నుంచి మూలకణాలున్న కణజాలం కొంచెం తీసి, ల్యాబ్‌లో పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చేవారు. తర్వాత అదే ఆసుపత్రి వైద్యులు స్లెట్ అనే పద్ధతి తెచ్చి 2012లో ప్రచురించారు. ఇందులో తీసిన చిన్న ముక్కను ఇంకా చిన్న ముక్కలు చేసి, కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొర మీద ఫిబ్రిన్ గ్లూ అనే జిగురుతో అంటిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి, ల్యాబ్‌లో పెంచే అవసరం లేదు. అలాంటి ల్యాబ్ లేని ఊళ్ళో కూడా చేయొచ్చన్నమాట. 'ఈ మెట్టు అసలు అవసరమా?' అన్న ప్రశ్న రావాలంటే ల్యాబ్ కష్టమూ ఆపరేషన్ థియేటర్ కష్టమూ రెండూ తెలిసినవాళ్ళు దగ్గర దగ్గరగా పనిచేయాలని నా నమ్మకం.

ఇక ప్రోగ్రాంలు. పరికరాలు తయారుచేయాలనుకునేవాళ్ళకైతే ఇవే మేలు. ఐఐటీ హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ హెల్త్‌కేర్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ ఫెలోషిప్‌లో ముందు ఆసుపత్రుల్లో కూర్చుని, అక్కడి అవసరమేంటో వెతకమంటారు. ఎయిమ్స్, ఐఐటీ ఢిల్లీ కలిసి స్టాన్‌ఫర్డ్‌తో నడిపిన బయోడిజైన్ ఫెలోషిప్‌దీ ఇదే దారి. ఆలోచన కాస్త గట్టిపడ్డాక బయోటెక్నాలజీకి సాయం చేసే కేంద్రప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు 50 లక్షల రూపాయల దాకా ఇస్తుంది, స్టార్టప్‌లకు చోటిచ్చి నిలబెట్టే ఐకేపీ లాంటి ఇంక్యుబేటర్ల నుంచి సలహా కూడా దొరుకుతుంది. ఇటలీలోని సిరాక్యూజ్‌లో యురేకా ఇన్‌స్టిట్యూట్ నడిపే వారం రోజుల కోర్సు పరిచయాలకు బాగుంటుంది. అయితే చేతిలో సొంత ప్రాజెక్టు లేకుండా వెళ్తే సగం లాభం పోతుంది.

కాన్ఫరెన్సులను నేను మూడో స్థానంలోనే పెడతాను. హైదరాబాద్‌లో జరిగే బయోఏషియా సదస్సు లాంటి చోట కంపెనీ మనుషులు ఎక్కువ. స్టార్టప్ పెట్టేవాళ్ళకు అది పనికొస్తుంది గానీ, రెండో ఏడాది పీహెచ్‌డీ విద్యార్థికి విజిటింగ్ కార్డులు మిగులుతాయంతే. ఫ్యాకల్టీ ఉద్యోగం వెతుక్కునే పోస్ట్‌డాక్‌కు మాత్రం 2009 నుంచి జరుగుతున్న యంగ్ ఇన్వెస్టిగేటర్స్ మీటింగ్ తప్పకుండా మేలు. అక్కడ కొత్త ఫ్యాకల్టీతోనూ, సంస్థలు నడిపే పెద్దలతోనూ తీరిగ్గా మాట్లాడే వీలుంటుంది. ఏ మీటింగుకైనా వెళ్ళే ముందే ఇద్దరు ముగ్గురికి మెయిల్ పెట్టి, పదిహేను నిమిషాలు అడగండి. పోస్టర్ దగ్గర నిలబడి ఎవరొస్తారా అని చూసే టెన్షన్ తగ్గుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు లెక్క కొంచెం వేరు. వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్, కెరీర్ మొదట్లో ఉన్నవాళ్ళకిచ్చే కె అవార్డుల్లో మెంటర్ ఎవరో దరఖాస్తులోనే రాయాలి. చాలావాటిలో పని సమయంలో 75 శాతం పరిశోధనకే కేటాయించాలి. కె99 అవార్డుకు పౌరసత్వం, గ్రీన్‌కార్డు అక్కర్లేదు కాబట్టి వీసా మీదున్న పోస్ట్‌డాక్‌లు దాన్నే చూసుకోవాలి. మన దేశంలోని డాక్టర్లకు అసలు కరువు ఆ సమయమే. డ్యూటీలు మోస్తూ పరిశోధన చేయమంటే ఎవరు మాత్రం ఎన్నాళ్ళు చేస్తారు? వాళ్ళకు ల్యాబ్ మెంటర్‌తో పాటు, డ్యూటీ తగ్గించడానికి ఒప్పుకునే విభాగాధిపతి కూడా కావాలి.

మరి ఆసుపత్రి మెంటర్‌ను పట్టుకోవడం ఎలా? 'సర్, నాకు మెంటర్‌గా ఉండండి' అని మొదటిరోజే అడిగితే ఎవరైనా జంకుతారు. 'మేడమ్, ఒక్కరోజు ఓపీలో ఓ పక్కన కూర్చుని చూస్తాను' అనండి. కాదనేవాళ్ళు తక్కువ. గైడ్‌కు ముందే చెప్పి వెళ్ళండి, లేకపోతే తర్వాత మనస్పర్థలొస్తాయి. ఊరికే తీసుకోవడమే కాదు, మీరిచ్చేదీ ఉంటుంది. ఎండీ విద్యార్థులందరూ థీసిస్ రాయాలి, వాళ్ళలో చాలామందికి స్టాటిస్టిక్స్ దగ్గరా ల్యాబ్ పరీక్షల దగ్గరా సాయం కావాలి. ఆ సాయం చేసే పీహెచ్‌డీ విద్యార్థి ఆ వార్డుకు పరాయివాడు కాడు. ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాసే రోజునే పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడుంటుందో కూడా మాట్లాడుకుని, మెయిల్‌లో రాసి అందరికీ పంపండి.