మలావీ మాజీ అధ్యక్షురాలి అనుభవాలతో విజయనగరంలో వ్యాపార శిక్షణ

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సుకు నడిచి వెళ్లగలిగే దూరంలో, డ్వాక్రా సంఘాల మహిళల కోసం ఒక ప్రైవేటు కేంద్రం శని, ఆదివారాల్లో నడిపే శిక్షణకు, మా సంఘం లెక్కలు చూసే సభ్యురాలిగా నేను హాజరయ్యాను. 2012 నుంచి 2014 వరకు ఆఫ్రికా దేశమైన మలావీకి అధ్యక్షురాలిగా పనిచేసిన జాయిస్ బండా జీవితాన్నీ అభిప్రాయాలనూ ఆధారం చేసుకొని పాఠాలు రూపొందించడం ఈ తరగతి ప్రత్యేకత.

రాజకీయాల్లోకి రాకముందు ఆమె బట్టల తయారీ వ్యాపారం నడిపారు. 1990 ప్రాంతంలో మహిళా వ్యాపారుల జాతీయ సంఘాన్ని స్థాపించి, చిన్న వ్యాపారాలు చేసుకొనే స్త్రీలకు అప్పు, శిక్షణ అందేలా చూశారు. స్త్రీ చేతికి సొంత ఆదాయం వస్తేనే మిగిలిన హక్కులు నిలబడతాయన్న ఆమె వాదనను మా పొదుపు సంఘాల అనుభవంతో జోడించి చెప్పడం వల్ల మొదటి పాఠం ఎవరికీ పరాయిదిగా అనిపించలేదు.

అన్నిటికన్నా బాగా చెప్పినది కరెన్సీ పాఠం. విదేశీ మారకద్రవ్యం కొరవడి, పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన దేశాన్ని చేతికి తీసుకున్న బండా ప్రభుత్వం, అంతకుముందు అధ్యక్షుడు ససేమిరా అన్న పనిని చేసి, 2012 మేలో డాలరుకు సుమారు 167 క్వాచాలుగా ఉన్న రేటును 250 క్వాచాలకు మార్చి, తమ దేశపు కరెన్సీ అయిన క్వాచా విలువను తగ్గించింది. ఆగిపోయిన విదేశీ సాయం తిరిగి వచ్చింది గాని, 2013 ఆరంభానికి ద్రవ్యోల్బణం 30 శాతం దాటి సామాన్యుల సంచి తేలికైపోయింది. ఇది మనకెలా వర్తిస్తుందో చెప్పడానికి శిక్షకురాలు పలాసను ఎంచుకున్నారు: అక్కడి పరిశ్రమలు ఆఫ్రికా దేశాల నుంచి కూడా జీడిపిక్కలు దిగుమతి చేసుకుంటాయి కనుక, రూపాయి విలువ తగ్గితే పిక్కల ధర పెరిగి, పప్పు ధరను ఎప్పుడు, ఎంత మార్చాలన్న ప్రశ్న వ్యాపారి ముందుకు వస్తుంది. ఆ లెక్కను మా చేత బోర్డు మీద చేయించారు. కట్టిన ఫీజు ఆ ఒక్క పూటకే గిట్టుబాటయిందని నా అభిప్రాయం.

అధ్యక్ష విమానాన్ని అమ్మివేయడం, తన జీతం తగ్గించుకోవడం వంటి పొదుపు చర్యలకు ఇచ్చినంత సమయాన్ని 2013లో బయటపడిన 'క్యాష్‌గేట్' కుంభకోణానికి ఇవ్వకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. ప్రభుత్వ చెల్లింపుల కంప్యూటర్ వ్యవస్థలో లావాదేవీలను తుడిచివేసి ఖజానా సొమ్ము కాజేసిన ఆ వ్యవహారంతో బండా మంత్రివర్గాన్ని రద్దు చేయవలసి వచ్చింది. మరుసటి ఏటి ఎన్నికల్లో ఆమె మూడో స్థానానికి పరిమితమయ్యారు. చెక్కు మీద సంతకం ఒకరిది, పుస్తకం రాసేది మరొకరు, సరిచూసేది ఎవరూ కాదన్నట్టు సాగే సంఘాలు మన జిల్లాలో లేవా? తీర్మానాల పుస్తకాన్ని, బ్యాంకు పాసుపుస్తకాన్ని పక్కపక్కన పెట్టి సరిచూడడం నేర్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. అభిమానంతో దాటవేశారో, సమయం చాలలేదో గాని, ఆ పాఠం పది నిమిషాల్లో ముగిసింది.

భోజనం ఫర్వాలేదు, గదిలో ఫ్యాన్లు చాలవు. సాలూరు, పార్వతీపురం వైపు మహిళలు బస్సు కోసం చివరి గంటలో లేచిపోతున్నారు, చర్చ జరిగేది ఆ గంటలోనే కనుక ఉదయం ముందుగా మొదలుపెడితే మేలు. కొత్తగా సంఘంలో చేరినవారికన్నా, ఇప్పటికే అప్పు తీసుకొని సరుకు అమ్ముతున్నవారికి ఈ శిక్షణ ఎక్కువగా పనికివస్తుంది.