నడిమధ్యా, మూడో వంతా: గోపాల్‌పూర్ ఒడ్డున ఏది మేలు?

బరంపురంలో ఉన్న పాపానికి, చుట్టాలు ఎవరొచ్చినా గోపాల్‌పూర్ సముద్రం చూపించి ఫోటోలు తీయడం నా వంతు. మొన్న పిన్నిని ఫోటో నడిమధ్య వచ్చేలా నిలబెట్టి తీశాను. చూసి, "ఏటిరా ఇది, నా మెడకి తాడు కట్టేశావు!" అంది. నిజమే, నీళ్లూ ఆకాశం కలిసే గీత సరిగ్గా మెడ మీంచే పోయింది.

సరేనని రూల్ ఆఫ్ థర్డ్స్ పట్టుకున్నాను, అంటే ఫోటోని నిలువుగా, అడ్డంగా మూడేసి వంతులు చేసి, మనిషిని నడిమధ్య కాకుండా ఆ వంతుల గీత మీద పెట్టడం. ఈ పేరు 1797 నాటిది. జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల బొమ్మల గురించి రాస్తూ పెట్టాడు, అప్పటికి ఫోటోలు తీసే కెమెరాయే లేదు. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేస్తే తెర మీద తొమ్మిది గళ్లు పడతాయి. పిన్నిని ఎడమ గీత మీదికి జరిపి, కుడివైపు తెప్పల కేసి చూడమన్నాను. చూపు వెళ్లే వైపు ఖాళీ ఉండాలి, లేకపోతే గోడకి ముఖం పెట్టినట్టుంటుంది. ఫోటో బాగానే కుదిరింది గానీ మెడ మీద తాడు మాత్రం పోలేదు!

ఆ తాడు విప్పింది గ్రిడ్ కాదు, నా మోకాళ్లు. చదునైన ఒడ్డున ఫోన్ ఎంత ఎత్తులో ఉంటే, ఆ గీత ఎదుటి మనిషికి దాదాపు అంత ఎత్తులోనే పడుతుంది. ఇసకలో గొంతుక్కూర్చుని తీసేసరికి నడుం దగ్గరికి దిగింది. తలకి ఆకాశమంతా దక్కింది.

అలాగని నడిమధ్యని తీసిపారేయలేం. ఒడ్డుకి లాగిన తెప్పని ముక్కుకి ఎదురుగా నిలబడి తీయండి, అటూ ఇటూ సమానంగా ఉన్నప్పుడు నడిమధ్యే అందం. వాకిట్లో ముగ్గుని పైనుంచి తీసినా అంతే, పక్కకి జరిపితే ఎవరో తొక్కేసినట్టుంటుంది. సముద్రం ముందు మనుషులకి మాత్రం నా ఓటు మూడో వంతుకే.

మనిషి దగ్గరగా కనబడాలంటే జూమా, నడకా అంటే నడకే. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే కోసి సాగదీస్తుంది. పొద్దున సూర్యుడు సముద్రం మీంచే వస్తాడు కాబట్టి నీళ్లు వెనక పెట్టుకుంటే ముఖాలు నల్లబడతాయి. సాయంత్రమే నయం.

నేను గొంతుక్కూర్చుని తీసిన ఫోటోనే పిన్ని డీపీగా పెట్టుకుంది. మెడ తాడు ఫోటో మాత్రం డిలీట్ చేయనివ్వలేదు, చీర అంచు అందులోనే బాగా పడిందట.