మా సూట్‌కేస్ ప్లేయర్ పంక్ పార్టీలో చేరింది

ముందే చెప్పేస్తా, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు: మీరు వినేది పంక్ (చిన్నగా, వేగంగా, ముడిగా ఉండే రాక్ పాటలు) అయితే ఈ సూట్‌కేస్ రికార్డు ప్లేయర్ డబ్బా కొనుక్కోండి, హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ భక్తులైతే ఆ డబ్బులు ఇంకో ఆరు నెలలు దాచుకోండి. నేను 5,900 పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. మూత తెరిస్తే రికార్డు తిరిగే పళ్ళెం, ముందువైపు రెండు బుల్లి స్పీకర్లు, మోసుకుపోవడానికి ఓ హ్యాండిల్, చూడ్డానికి మాత్రం అమ్మమ్మ వాళ్ళింటి ట్రంకు పెట్టెకి మనవడిలా ముద్దుగా ఉంటుంది. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ రకం డబ్బాల్లో చాలావాటికి పైన రెక్సిన్ రంగు మారుతుందే గానీ లోపల సరుకు ఇంచుమించు ఒకటే.

కొనడానికి కారణం మా బావ. ఆయనకీ, మలక్‌పేటలో ఉండే నా దోస్త్‌కీ ఏళ్ళ తరబడి ఒకటే పంచాయితీ. 2011 అక్టోబర్ 30న మెటల్ బ్యాండ్ మెటాలికా వాళ్ళు బెంగళూరులో వాయిస్తున్నారని ముగ్గురం కాచిగూడలో బండెక్కాం, ఆ రైల్లో మొదలైంది, ఇంకా తెగలేదు. బావ లెక్క ప్రకారం బరువైన సంగీతమంతా 1970లో సబ్బాత్ మొదటి రికార్డు కట్టిన ఇల్లు, తర్వాత వచ్చినవాళ్ళందరూ అందులో అద్దెకుంటున్నారు. దోస్త్ ఒప్పుకోడు. 1976లో పంక్ బ్యాండ్ రమోన్స్ మొదటి రికార్డుతో వచ్చి 14 పాటలు 29 నిమిషాల్లో కొట్టి పడేశాక ఇంకా గిటార్ సోలోలు సాగదీసుకుంటూ కూర్చునేవాళ్ళతో ఏం పని అంటాడు. (ఆ రమోన్స్‌లో ఒక్కడికీ అది అసలు ఇంటిపేరు కాదు, అందరూ పెట్టుకున్నదే. బావకి అదొక అదనపు పాయింటు.) విచిత్రం ఏంటంటే ఇద్దరి దగ్గరా ఎల్పీ రికార్డులున్నాయి, ప్లేయర్ మాత్రం లేదు. మూడేసి వేలు పోసి కొని గోడకి ఆనించి చూసుకుంటున్నారు. సరే, ఆ ఖర్చేదో నేనే పెడదామనుకున్నా.

ఆదివారం విద్యానగర్‌లో మా ఇంట్లో కూర్చున్నాం, ఫ్లాస్కులో ఇరానీ చాయ్, ప్లేట్లో ఉస్మానియా బిస్కెట్లు. టాస్ దోస్త్ గెలిచాడు, రమోన్స్ మొదటి రికార్డు పెట్టాడు. ముల్లు దించగానే డ్రమ్స్ వచ్చాయి, బేస్ వచ్చింది, గొంతు వచ్చింది, గిటార్ రాలేదు. రెండో పాటలోనూ లేదు. బావ చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇదేందిరా, ఇదేనా మీ పంక్? గిటార్ కొట్టెటోడు చాయ్ తాగడానికి పోయిండా?" అన్నాడు. దోస్త్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అసలు సంగతేంటంటే ఆ రికార్డుని స్టీరియోలో కలిపిన తీరే అంత, బేస్ ఎడమవైపు, జానీ రమోన్ గిటార్ కుడివైపు, గొంతూ డ్రమ్సూ మధ్యలో. మా డబ్బాకి కుడి స్పీకర్ పుట్టుమూగది! ఇంకో రికార్డేదైనా పెట్టి ఉంటే సౌండు కాస్త తక్కువుందేమోలే అనుకుని ఊరుకునేవాణ్ణి, సరిగ్గా ఇది పెట్టాం కాబట్టి దొరికిపోయింది. కొత్త ప్లేయర్ కొన్నవాళ్ళు ముందు ఇదే పెట్టి చూసుకోండి.

అమ్మినవాళ్ళకి మూడుసార్లు ఫోన్ చేశా. మూడుసార్లూ "బ్లూటూత్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అనే. బ్లూటూత్‌కీ ముల్లుకీ ఏం సంబంధమో వాళ్ళకే తెలియాలి. విసుగొచ్చి కోఠి గుజరాతీ గల్లీకి పట్టుకెళ్ళా. అక్కడ ఓ చిన్న కొట్లో పెద్దాయన నాలుగు స్క్రూలు విప్పి ఊడిపోయిన వైరు చూపించి, టాంకా వేసి 150 తీసుకున్నాడు. ఆయనే అడిగాడు, "స్పీడ్ చూసుకున్నావా బేటా" అని. పళ్ళెం అంచుకి తెల్ల కాగితం ముక్క అతికించి, ఫోన్లో టైమర్ పెట్టి చుట్లు లెక్కపెట్టాం. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి, అంటే మూడు నిమిషాలకి సరిగ్గా 100. మాకు 102 వచ్చాయి. మోటారు కింద బెజ్జంలో ఒక బుల్లి స్క్రూ ఉంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పి 100కి దించాడు.

రెండు చుట్లే కదా అని నేనన్నా. బావ నన్ను తినేశాడు. సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీకి బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో పని చేసేటప్పుడు మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతివాటం, అంటే తీగలు నొక్కాల్సినవి ఆ వేళ్ళే. ప్లాస్టిక్ బాటిల్ కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. తీగలు వదులుగా ఉంటే నొక్కడం తేలికని 1971లో వచ్చిన మాస్టర్ ఆఫ్ రియాలిటీలో కొన్ని పాటలకి గిటార్‌ని మూడు సెమీటోన్లు (సెమీటోన్ అంటే పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న మెట్టు) కిందికి దించేశాడు. ఆ బురదలో నడిచినట్టుండే బరువు అక్కణ్ణుంచి వచ్చిందే. "ఆయన వేళ్ళు పోగొట్టుకుని దించితే నీ డబ్బా మళ్ళా పైకి లాగుద్దా" అని బావ గొడవ. లెక్క చూస్తే నిజమే, 2 శాతం స్పీడంటే సెమీటోన్‌లో మూడో వంతు పైకి పోయినట్టు. రమోన్స్‌కి మాత్రం ఆ స్పీడు తేడా కూడా చేయదని దోస్త్ పుండు మీద కారం చల్లాడు.

సరే, వైరు కుదిరింది, స్పీడు కుదిరింది, తర్వాతి ఆదివారం ఆ మాస్టర్ ఆఫ్ రియాలిటీని బావ చేత్తోనే పెట్టించాం. ఇక్కడే ఈ డబ్బా అసలు జబ్బు బయటపడింది. స్పీకర్లూ ముల్లూ ఉన్నది ఒకే పెట్టెలో. వాల్యూమ్ సగం దాటిస్తే బేస్‌కి పెట్టె మొత్తం అదురుతుంది, ఆ అదురు ముల్లుకి తగులుతుంది, ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతుంది. మొదటి పాటలోనే రెండుసార్లు ఎగిరింది. తగ్గించి పెడితే ఎగరదు, కానీ అంత చిన్న స్పీకర్లలోంచి కింది స్వరం రాదు, మిగిలేది పక్కింట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు. బావ ముల్లు మీద రూపాయి బిళ్ళ పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాం. దయచేసి మీరూ పెట్టకండి. మంచి ప్లేయర్లలో ముల్లు రికార్డు మీద సుమారు 2 గ్రాముల బరువు మోపుతుంది, ఈ డబ్బాలో ఉన్న సిరామిక్ రకం ముల్లు ఉత్తినే 5, 6 గ్రాములు మోపుతుంది. దాని మీద బిళ్ళ కూడానా.

వెనకాల ఎరుపూ తెలుపూ సాకెట్లున్నాయి. అందులోంచి వైరు లాగి నా పాత కంప్యూటర్ స్పీకర్లకిచ్చి, వాటిని వేరే బల్ల మీద పెట్టి, డబ్బా వాల్యూమ్ సున్నా చేస్తే ఎగరడం ఆగిపోయింది, సౌండూ బాగుపడింది. కానీ అంత చేసేవాడు సూట్‌కేస్ ఎందుకు కొంటాడు?

రమోన్స్ మాత్రం ఇందులో నిజంగా బాగుంది. కుడి ఎడమలుగా విడదీసిన గిటారూ బేసూ ఈ జానెడు దూరంలో మళ్ళీ ఒక్కటైపోయి, నలుగురు కుర్రాళ్ళు పక్క గదిలో వాయిస్తున్నట్టుంది. మూడో వారం నేను మోటర్‌హెడ్ బ్యాండ్ రికార్డు తెచ్చా, 1980 నాటి ఏస్ ఆఫ్ స్పేడ్స్. అదీ అదిరింది, అందులో పాడుతూ బేస్ వాయించే లెమ్మీ బేస్ ఎటూ గిటార్‌లా గరగరలాడేదే కాబట్టి చిన్న స్పీకర్లకి సరిపోయింది. బావ కూడా తలూపాడు. అదే అదను చూసి దోస్త్, లెమ్మీ 1991లో రమోన్స్ మీద ఏకంగా ఒక పాటే కట్టాడని చెప్పాడు. బావ ఏమీ అనలేదు, బిస్కెట్ తీసుకున్నాడు.

అయిదుకి మూడు స్టార్లిస్తా, వైరు ఊడకుండా వచ్చుంటే మూడున్నర. బావ తన ఎల్పీ కవర్లో పెట్టేసుకుని మళ్ళీ గోడకి ఆనించేశాడు. ప్లేయర్ ఇప్పుడు మలక్‌పేటలో ఉంది, రెండ్రోజుల్లో ఇచ్చేస్తానని దోస్త్ పట్టుకెళ్ళి మూడు వారాలైంది.