పూత మీద బేరం: బోర్డో ఆన్ ప్రిమర్ కొనొచ్చా?

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్‌ని సీసాలోకి ఎక్కకముందే కొనే పద్ధతిని ఆన్ ప్రిమర్ అంటారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ద్రాక్ష కోస్తారు. మరుసటి ఏప్రిల్లో విమర్శకులు పీపాల్లోంచి తీసిన శాంపిల్ రుచి చూసి మార్కులు వేస్తారు. ఆ తర్వాత షాటోలు, అంటే ద్రాక్ష పండించి వైన్ చేసే ఎస్టేట్లు, ఒక్కొక్కటిగా ధర చెప్పడం మొదలుపెడతాయి. మనం అప్పుడే మొత్తం డబ్బు కట్టేయాలి. సరుకు చేతికి రావడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. లండన్‌లో ఉంటూ నేను 2019 వింటేజ్ (ఆ ఏడాది కోసిన ద్రాక్షతో చేసిన వైన్) నుంచి ఇలా కొంటున్నాను. మనవాళ్లు కొందరు "మమ్మల్నీ కొనమంటావా" అని అడుగుతున్నారు, వాళ్ల కోసం ఇది. రేటింగ్ ముందే చెప్పేస్తాను: 5కి 2. అది వైన్‌కి కాదు, దాన్ని అమ్మే పద్ధతికి.

మా మేనమామ నూజివీడు దగ్గర మామిడి తోటలు పూత మీదే గుత్తకు పట్టేవాడు. గాలివాన వచ్చి పిందె రాలిపోతే నష్టం ఆయనది, రైతుది కాదు. అందుకే రైతు ధర తగ్గించి ఇచ్చేవాడు. ఆన్ ప్రిమర్‌లో ఉన్న న్యాయం కూడా ఇదే. షాటోకి డబ్బు ముందే అందుతుంది, రెండేళ్లు ఓపిక పట్టినందుకు కొన్నవాడికి ధర కలిసొస్తుంది. 1982 వింటేజ్‌ని అలా కొన్నవాళ్లకి బాగా గిట్టింది. ఈమధ్య చాలా ఏళ్లలో ఆ న్యాయం పోయింది. రిస్కు మనకే మిగిలింది, తగ్గింపు మాత్రం రావడం లేదు.

విమర్శకుల పెత్తనం కూడా ఆ 1982తోనే పెరిగింది. కొందరు పేరున్న విమర్శకులు ఎటూ చెప్పలేకపోతున్నప్పుడు, రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ లాయర్ ఆ ఏడాది వైన్ గొప్పదని గట్టిగా రాశాడు. తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు బోర్డో ధరలు ఆయన వేసే వంద మార్కుల లెక్క చుట్టూనే తిరిగాయి. ఎంతగానో చూడండి. 2003 వసంతంలో ఇరాక్ యుద్ధం వల్ల ఆయన బోర్డో వెళ్లలేదు. దాంతో 2002 వింటేజ్ ధరలు ఆయన మార్కులు రాకముందే బయటికొచ్చాయి. ఆ తేడాని పట్టుకుని ఫ్రాన్స్ ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. ఆయన మార్కుల బరువు సగటున సీసాకి 2.80 యూరోలు అని తేలింది. ఒక్క మనిషి నాలుకకి అంత విలువ!

పార్కర్ రిటైరయ్యాడు. ఇప్పుడు నీల్ మార్టిన్, ఆంటోనియో గలోని, విలియం కెల్లీ, జేన్ ఆన్సన్, జేమ్స్ సక్లింగ్, ఇలా చాలామంది ఉన్నారు. జాన్సిస్ రాబిన్సన్ అయితే ఇరవైకి మార్కులు వేస్తుంది. గొంతులు పెరగడం మంచిదే, కానీ దాన్ని అమ్మేవాళ్లు తమకి అనువుగా వాడుకుంటున్నారు. ఒక వ్యాపారి నుంచి నాకొచ్చిన ఆఫర్ మెయిల్లో పైన పెద్ద అక్షరాలతో 97-99 అని ఉంది. కింద విమర్శకుడి మాటలు రెండు లైన్లు, ఆ కింద "స్టాక్ తక్కువ, నేడే చెప్పండి" అని. అదే వైన్‌కి ఇంకో ఇద్దరు ఎంత వేశారో వెతికితే ఒకరు 93-95, ఇంకొకరు 92-94. ఆ రెండూ మెయిల్లో ఎక్కడా లేవు. అందరిలోకీ ఎక్కువ వేసినవారి మార్కు మాత్రమే చూపించి పెట్టెకి వందల పౌండ్లు అడగడం నాకు మోసంలాగే అనిపించింది. ఆ వ్యాపారి దగ్గర మళ్లీ కొనలేదు.

పైగా ఆ మార్కులు దేనికి వేస్తున్నారో కూడా ఆలోచించాలి. లండన్‌లో ఒక టేస్టింగ్‌లో పీపా శాంపిల్స్ తాగి చూశాను. సిరాలాంటి రంగు, గ్లాసు అంచుకి ఊదారంగు అంటుకుంటుంది. మొదటి గుక్కకే చిగుళ్లు బిగుసుకుపోయేంత వగరు, దాని వెనక ఎక్కడో నేరేడు పండు. నాలుగో శాంపిల్‌కే నా నాలుక మొద్దుబారింది. విమర్శకులు ఇలాంటివి వారంలో వందలు చూస్తారు. ఆ శాంపిల్ కూడా షాటో వాళ్లు పోసి ఇచ్చినదే, చివరికి సీసాలోకి వెళ్లే మిశ్రమం కాస్త మారొచ్చు. వైన్ ఇంత లేతగా ఉన్నప్పుడు కూడా అనుభవజ్ఞులకి చాలా తెలుస్తుందని ఒప్పుకుంటాను. కానీ 96కీ 97కీ తేడా అప్పుడే తెలుస్తుందంటే నేను నమ్మను. అందుకే మార్కు వదిలేసి వాక్యాలు చదువుతాను. వగరు మెత్తగా ఉందన్నారా, ఆల్కహాల్ మంట ఉందన్నారా, ఎన్నేళ్లు ఆగమన్నారా, నాకు కావలసింది అది.

ఇక ధర. షాటో మనకి నేరుగా అమ్మదు. మధ్యలో రెండు శాతం తీసుకునే కుర్తియే అనే బ్రోకరు, ఆ తర్వాత నెగోసియాన్ అనే టోకు వ్యాపారి, ఆ తర్వాత మన లండన్ దుకాణం. ఈ ఏడాది ధర ఎక్కువని నెగోసియాన్ షాటో తనకి కేటాయించిన కోటా వదులుకుంటే మంచి ఏడాది వచ్చినప్పుడు ఆ కోటా ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని ఇష్టం లేకపోయినా కొంటాడు. షాటోకి "సరుకు మొత్తం అమ్ముడైంది" అనిపిస్తుంది, అసలు పెట్టెలు మాత్రం బోర్డో గోదాముల్లో పేరుకుంటాయి. వడ్డీలు పెరిగాక ఆ భారం మోయలేక ఈ వ్యవస్థ అంతా మూలుగుతోంది.

షాటోలు దిగొచ్చినప్పుడు ఏం జరుగుతుందో 2020లో చూశాం. కోవిడ్ మధ్యలో పాంటె-కానె అనే షాటో తన 2019 వైన్‌ని అంతకుముందు ఏడాదికంటే ముప్పై శాతం దాకా తగ్గించి ముందుగా విడుదల చేసింది. మిగతావాళ్లూ తగ్గించక తప్పలేదు. జనం ఎగబడి కొన్నారు. ఆ పాఠం ఎంతో కాలం నిలవలేదు, 2022 వింటేజ్‌కి ధరలు మళ్లీ ఆకాశానికెళ్లాయి. మరుసటేడే 2023ని బాగా తగ్గించి అమ్మారు, 2024ని ఇంకా తగ్గించారు. మరి 2022కి డబ్బు పోసినవాడి గతేంటి? లతూర్ అనే షాటో అయితే 2011 వింటేజ్ తర్వాత ఆన్ ప్రిమర్‌కే స్వస్తి చెప్పి, తాగడానికి సిద్ధమయ్యాకే అమ్ముతోంది. ధర భయంకరమే అయినా నాకు అదే నిజాయితీగా కనిపిస్తుంది.

నేను కొన్నవాటిలో సంతోషపెట్టింది షాటో కాంతమెర్ల్ 2019. బోర్డో షాటోలకి శ్రేణులిచ్చిన 1855 వర్గీకరణలో అయిదో శ్రేణి, ఊరు మకో, ఓ-మెదోక్ ప్రాంతం. ఆరు సీసాల పెట్టె ఇన్ బాండ్ ధర వంద పౌండ్ల పైచిలుకు. ఇన్ బాండ్ అంటే పన్నులు కలపని ధర, కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. పెట్టె 105 అనుకుంటే సీసా 17.50. ఇంటికి తెప్పించుకునేటప్పుడు సుంకం, ఇప్పుడు 13.5 శాతం ఆల్కహాల్ ఉన్న సీసాకి సుమారు 3 పౌండ్లు. ఆ మొత్తం మీద 20 శాతం వ్యాట్. అప్పటికే 24.60. గోదాము అద్దె, డెలివరీ వేరే. దుకాణంలో అదే సీసా కొనేవాడితో పోలిస్తే నాకు మిగిలింది నాలుగైదు పౌండ్లు, అదీ 2019 లాంటి చవక ఏడాదిలో.

రుచికి మాత్రం వంక పెట్టలేను. నేరేడు, దేవదారు చెక్క వాసన, చివర్లో చిన్న చేదు. రెండు గంటలు జగ్గులో పోసి ఉంచితే మెత్తబడుతుంది. గోంగూర మాంసంతో వద్దు, ఆ పులుపూ కారమూ కలిసి వగరుని రెచ్చగొడతాయి. మిరియాల మటన్ వేపుడుతో అయితే చక్కగా కుదురుతుంది.

ఇంకో ప్రమాదం దుకాణం మూతపడటం. కాలిఫోర్నియా బర్క్లీలో ప్రీమియర్ క్రూ అనే వైన్ షాపు 2016లో దివాళా తీసింది. రాని వైన్‌కి డబ్బు కట్టిన వేలమంది చేతులు కాల్చుకున్నారు. బే ఏరియాలో ఉన్న మనవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోండి. పెట్టె మీ పేరు మీద గోదాములో నమోదైందని కాగితం ఇవ్వని చోట కట్టొద్దు. హైదరాబాదుకి తీసుకెళ్దామనుకుంటే డ్యూటీ ఫ్రీ కింద రెండు లీటర్లే, అంటే రెండు సీసాలు. పన్నెండు సీసాల పెట్టెతో అక్కడ పనేం లేదు.

కొనేముందు నేను చూసేది ఒకటే. అదే షాటోవి 2015, 2016 లాంటి మంచి ఏళ్ల సీసాలు ఇప్పుడు ఇన్ బాండ్‌లో ఎంతకి దొరుకుతున్నాయి? కొత్తది వాటికంటే కనీసం అయిదో వంతు తక్కువ లేకపోతే పాతదే కొంటాను, అది ఇప్పటికే సగం దారి నడిచిన వైన్. బిడ్డ పుట్టిన ఏడాది వైన్ దాచాలనుకునేవాళ్లకీ, మాగ్నమ్‌లో (రెండు సీసాలంత పెద్ద సీసా) గానీ అర సీసాల్లో గానీ కావాలనుకునేవాళ్లకీ మాత్రం ఈ లెక్క వర్తించదు. ఆ సైజులు అడిగి పోయించుకోవాలంటే సీసాల్లో నింపకముందే చెప్పాలి, కాబట్టి వాళ్లు ఆన్ ప్రిమర్‌లోనే తీసుకోండి.