బ్లాక్ చేసిన నంబరు: బిల్లులో వెతకాలా, ఫోన్‌లోనా?

పోస్ట్‌పెయిడ్ ఐటమైజ్డ్ బిల్లులో (ఒక్కో కాల్‌నూ విడిగా చూపే బిల్లు) కనిపించేవి మనం చేసిన కాల్సే: తేదీ, టైము, అవతలి నంబరు, ఎంతసేపు, ఎంత ఛార్జి. మన దేశంలో 2003 నుంచి ఇన్‌కమింగ్ ఉచితం కాబట్టి వచ్చిన కాల్స్ మామూలుగా అందులో ఉండవు. మనం బ్లాక్ చేసినవాడు రాత్రంతా కాల్ కొడుతూనే ఉన్నా బిల్లుకు ఆ సంగతి పట్టదు. బ్లాక్ అన్నది మన హ్యాండ్‌సెట్‌లోని సెట్టింగ్ మరి! మనమే ఆ నంబరుకు చేస్తే మాత్రం మిగతా కాల్స్‌లాగే ఎక్కుతుంది, ప్రత్యేక గుర్తేమీ ఉండదు.

ఫోన్‌లోని కాల్ హిస్టరీ వేరు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లాకైన కాల్ కూడా టైముతో సహా నమోదవుతుంది. వాట్సాప్ కాల్స్ అయితే బిల్లులో ఉత్త డేటా వాడకమే, నంబరు ఉండదు. ఎవరైనా వేధిస్తుంటే నేనైతే బిల్లు జోలికి పోను. హిస్టరీ స్క్రీన్‌షాట్ ముందు తీసి పెట్టుకుంటాను, ఆ హిస్టరీ పొరపాటున డిలీట్ కాకముందే.