దుబాయ్‌కి యెరెవాన్ మీదుగా: 2021 వేసవి ప్రయాణంలో బసలు, సేవలు, కాగితాలు

కోవిడ్ కారణంగా భారతదేశం నుంచి వచ్చే ప్రయాణికులను 2021 ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి రానివ్వబోమని యుఏఈ ప్రకటించినప్పుడు అది పది రోజుల ముచ్చటేనని అందరం అనుకున్నాం. పొడిగింపు మీద పొడిగింపు పడుతూ ఆ ఆంక్ష ఆగస్టు దాకా సాగింది. నిషేధం విమానాలకే పరిమితమై ఉంటే మధ్యలో ఎక్కడో విమానం మారి వెళ్లిపోయేవాళ్లం. కానీ గడిచిన 14 రోజుల్లో భారతదేశంలో ఉన్నవారు ఏ దారిన వచ్చినా ప్రవేశం లేదన్నది అసలు నిబంధన. యుఏఈ పౌరులకు, దౌత్య సిబ్బందికి, గోల్డెన్ వీసా (దీర్ఘకాల నివాస వీసా) ఉన్నవారికి మినహాయింపు ఉండేది. సెలవు మీద ఇంటికి వచ్చి చిక్కుపడిన ఉద్యోగులకూ కూలీలకూ మాత్రం, ఏదైనా మూడో దేశానికి వెళ్లి, అక్కడ 14 రోజులు గడిపి, అక్కడినుంచి దుబాయ్ చేరడం తప్ప వేరే మార్గం లేకపోయింది. ఆరు నెలలకు మించి యుఏఈ వెలుపల ఉంటే రెసిడెన్స్ వీసా రద్దవుతుందన్న పాత నిబంధన మెడమీద ఉండగా, గడువులు పెంచామన్న ప్రకటనలు ఎవరికి వర్తిస్తాయో ఎవరూ స్పష్టంగా చెప్పలేని పరిస్థితిలో, ఆగి చూద్దామనుకునే ధైర్యం చాలామందికి లేదు, నాకూ లేదు.

మూడో దేశాన్ని ఎంచుకోవడం కూడా మన చేతుల్లో ఉన్న పని కాదు. మొదట్లో అందరూ నేపాల్ వెళ్లారు. ఏప్రిల్ నెలాఖరుకు ఆ దేశం తన మీదుగా వేరే దేశాలకు పోయే భారతీయులను ఆపేసింది. మే నెలలో శ్రీలంక మనవారిని రానివ్వడం మానేసింది, మాల్దీవులు మే 13 నుంచి దక్షిణాసియావారికి పర్యాటక వీసాలు నిలిపివేసింది. మే 12 నుంచి యుఏఈ తన నిషేధాన్ని నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లకూ విస్తరించింది కాబట్టి అప్పటికే అక్కడికి చేరినవారి పరిస్థితి రెంటికీ చెడిన రేవడిలా తయారైంది. జూన్ 23 నుంచి టీకా వేసుకున్న నివాసులను రానిస్తామని దుబాయ్ ఒకసారి చెప్పినా, షరతులపై స్పష్టత లేక విమానాలు కదలలేదు. అప్పటికి ఏజెంట్ల నోట వినిపిస్తున్న పేర్లు అర్మేనియా, ఉజ్బెకిస్తాన్, సెర్బియా. సెర్బియాకు అప్పట్లో భారతీయులకు వీసానే అక్కర్లేదు, కానీ దూరం, ఖర్చు ఎక్కువ. అర్మేనియాకు ఇ-వీసా ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. 21 రోజులదానికి 3,000 ద్రాములు, 120 రోజులదానికి 15,000 ద్రాములు. ఒక రూపాయికి సుమారు ఆరున్నర ద్రాములు వచ్చే రోజులవి. 72 గంటలలోపు తీసుకున్న ఆర్టీపీసీఆర్ నెగటివ్ పత్రం ఉంటే అప్పట్లో దిగిన తర్వాత క్వారంటైన్ ఉండేది కాదు, దుబాయ్‌కి మూడు గంటల విమానం ఉంది. ఈ మూడు కారణాలతోనే నేను అర్మేనియా రాజధాని యెరెవాన్ నిర్ణయించుకున్నాను. వీసా విషయంలో ఒక్క సలహా చెప్పాలి: 14 రోజుల బసకు 21 రోజుల వీసా సరిపోతుందనిపిస్తుంది గానీ, పరీక్షలో పాజిటివ్ వచ్చినా విమానం రద్దయినా ఆ మిగులు వారం ఇట్టే కరిగిపోతుంది. ఖర్చు ఎక్కువైనా 120 రోజులదే మేలు.

కర్నూలు నుంచి హైదరాబాద్ విమానాశ్రయానికి కారులో వెళ్లేటప్పుడు తెలంగాణ సరిహద్దులోని పుల్లూరు టోల్‌ప్లాజా దాటడానికి నిమిషం పట్టలేదు. సరిగ్గా రెండు నెలల ముందు అదే చోట ఆంధ్రప్రదేశ్ నుంచి రోగులను తీసుకెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు నిలిపివేశారు. ముందస్తు అనుమతి లేనిదే రాకూడదన్న ఉత్తర్వుపై తెలంగాణ హైకోర్టు మే 14న స్టే ఇచ్చాకే దారి తెరుచుకుంది. పాస్‌పోర్టు అవసరం లేని సరిహద్దు కూడా రోగం పేరు చెబితే ఎంత గట్టిగా మూసుకుంటుందో మా జిల్లావాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

విమానాశ్రయంలో అసలు పరీక్ష ఇమిగ్రేషన్ దగ్గర కాదు, చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఎదురైంది. తప్పు కాగితంతో ప్రయాణికుణ్ణి ఎక్కించుకుంటే తిరుగు ప్రయాణ ఖర్చు విమానసంస్థ మీద పడుతుంది కాబట్టి అక్కడి సిబ్బంది గమ్యస్థానపు అధికారుల కంటే కఠినంగా ఉంటారు. పరీక్ష పత్రంలో క్యూఆర్ కోడ్, నమూనా ఇచ్చిన సమయం, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూశారు. ఇంటిపేరు పొడి అక్షరంగా మాత్రమే రాసే మన అలవాటు ఇక్కడ చాలామందిని ఇబ్బంది పెట్టింది. నా ముందున్న ఒకాయన ల్యాబుకు ఫోన్ చేసి పత్రం మళ్లీ తెప్పించుకునేదాకా పక్కనే నిలబడ్డారు. టీకా పత్రానికి పాస్‌పోర్టు నంబరు జోడించే వెసులుబాటు కోవిన్‌లో జూన్ నెలాఖరుకు వచ్చింది. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య విరామాన్ని మే నెలలో 12 నుంచి 16 వారాలకు పెంచినా, ఉద్యోగానికీ చదువుకూ విదేశాలకు వెళ్లేవారికి 28 రోజుల తర్వాత రెండో డోసు వేయడానికి జూన్‌లో అనుమతించారు. ఈ రెండూ నిజంగా పనికొచ్చిన సేవలని ఒప్పుకోవాలి. నా ప్రయాణంలో ప్రభుత్వ వెబ్‌సైటు మొదటి ప్రయత్నంలోనే సరిగ్గా పనిచేసింది ఇక్కడ మాత్రమే.

దోహా మీదుగా యెరెవాన్ చేరాం. జ్వార్ట్‌నోట్స్ విమానాశ్రయం నుంచి ఊరి నడిబొడ్డు పన్నెండు కిలోమీటర్లు. ఇమిగ్రేషన్ అధికారి పత్రం చూసి, ముద్ర వేసి, ఒక్క ప్రశ్నా అడగకుండా పంపేశాడు. ఆ 14 రోజులలో మేం ఎక్కడున్నాం, ఎవరిని కలిశాం, జ్వరం వచ్చిందా అని ఒక్కరూ అడగలేదు. దుబాయ్ ఆరోగ్య నియమం కోరింది మా ఆరోగ్యాన్ని కాదు, పాస్‌పోర్టులో ఒక తేదీ ముద్రను. వైరస్ యెరెవాన్‌లోనూ ఉంది, అక్కడ అంటించుకుని దుబాయ్ వెళ్లడానికి ఏ అడ్డంకీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు ఒప్పుకున్న 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం, ప్రయాణికులను 24 గంటలకు మించి ఆపే అదనపు చర్యలకు శాస్త్రీయ కారణం చూపాలి. డెల్టా రకం ఉధృతంగా ఉన్న ఏప్రిల్‌లో ఆ కారణం కనిపిస్తుంది. జూలైలో, రెండు డోసులు వేసుకున్నవారి విషయంలో కూడా, ఖర్చు భరించగలిగినవారికి వేరే దేశం మీదుగా దారి వదిలి, భరించలేనివారిని మాత్రమే ఆపిన నియమంలో నాకు ఆ కారణం కనిపించలేదు.

ఇక బస. మనవారిలో ఎక్కువమంది ఏజెంటు ప్యాకేజీ మీద వచ్చారు: టికెట్లు, వీసా, పక్షం రోజుల హోటలు, మూడు పూటల భోజనం, తిరుగు పరీక్ష, అన్నీ కలిపి ఒకే మొత్తం. నేనూ మొదటి కొన్ని రాత్రులు అలాంటి ప్యాకేజీలోనే గడిపాను. హోటలు ఊరికి దూరంగా పెద్ద రహదారి పక్కన ఉంది. గదికి ముగ్గురు, కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. యెరెవాన్ సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్నా జూలై ఎండ మన రాయలసీమకు తీసిపోదు. ఏసీ ఉంటుందని ఏజెంటు చెప్పిన మాట కాగితం మీద ఎక్కడా లేదు. భోజనం కేరళ వంటవారు చేసేవారు, రుచికి వంకపెట్టలేం; కానీ వేళకు రాకపోవడం, అందరికీ చాలకపోవడం రోజూ ఉండేవి. నా గదిలో ఉన్న ఇద్దరూ జగిత్యాల వైపు వారు, దుబాయ్‌లో నిర్మాణ పనుల్లో ఉంటారు. నెల జీతానికి ఎన్నో రెట్లు ఈ దారికే పోసి వచ్చారు. "ఆరు నెలలు దాటితే వీసా పోతది అన్నా, అందుకే మిత్తికి తెచ్చి కట్టిన" అని వారిలో ఒకతను మామూలు విషయంలా చెప్పాడు.

తర్వాత మరో ముగ్గురితో కలిసి కెంట్రోన్ అనే నడిబొడ్డు ప్రాంతంలో వంటగది ఉన్న అద్దె ఇంటికి మారాను. తలా వేసుకుంటే హోటలు కంటే ఖర్చు తక్కువైంది. బియ్యం, ఉల్లిపాయలు, టమాటాలు వీధి చివరి కొట్లోనే దొరికాయి. మత్సూన్ అని వారు పిలిచే పుల్లటి పెరుగు ఉంటే తెలుగువాడికి అన్నం దిగడానికి ఇంకేం కావాలి. ఆప్రికాట్ పండు అక్కడ ఆ కాలంలో కుప్పలుగా అమ్ముతారు, మన దగ్గర ఎండినవి తిని ఆ రుచిని ఊహించుకోలేం. వీధుల్లో పుల్‌పులాక్ అనే రాతి కుళాయిల్లో చల్లని మంచినీరు రాత్రింబవళ్లు ప్రవహిస్తుంది. సీసా నీళ్లు కొనడం అనవసరం. మెట్రో ఒకటే మార్గం, పది స్టేషన్లు, టికెట్టు అప్పట్లో 100 ద్రాములు; ట్యాక్సీలకు ఫోనులో యాప్ వాడితే బేరం గొడవ ఉండదు. శాకాహారులకు బయట తిండి కష్టమే. లవాష్ రొట్టె, చీజ్, ఆకుకూరలతో ఒకటి రెండు పూటలు గడుస్తాయి. వైద్యవిద్యకు వచ్చిన భారతీయ విద్యార్థులు ఆ ఊళ్లో చాలామంది ఉండటంతో మన వంట దొరికే హోటళ్లు కొన్ని ఉన్నాయి, ధరలు మాత్రం స్థానిక భోజనానికి రెట్టింపు.

రోజులు గడపాలి కాబట్టి తిరిగాం. గార్ని ఆలయం, గెఘార్డ్ గుహామఠం ఒకే రోజులో చూడవచ్చు, సెవాన్ సరస్సు 1,900 మీటర్ల ఎత్తున ఉండటంతో ఎండ నుంచి ఒక పూట విరామం. కానీ మా పరిస్థితికి దగ్గరగా అనిపించిన చోటు ఖోర్ విరాప్ మఠం. యెరెవాన్ నుంచి కారులో గంటలోపు ప్రయాణం. ఎదురుగా మంచు కప్పిన అరారత్ పర్వతం, 5,137 మీటర్లు, అర్మేనియా రాజచిహ్నం మీద ఉండే కొండ. అది మాత్రం తుర్కియే (టర్కీ)లో ఉంది. 1993లో తుర్కియే మూసిన ఆ సరిహద్దు మఠం కింది పొలాల అవతలే కంచెగా కనిపిస్తుంది. అజర్‌బైజాన్ వైపూ సరిహద్దు మూతే, ముందు ఏడాది శరత్కాలంలో అటువైపు 44 రోజుల యుద్ధం జరిగింది. నాలుగు పొరుగుదేశాల్లో రెండింటితో రాకపోకలు లేని దేశం, ఎక్కడా చోటు దొరకని మాలాంటివారికి చోటిచ్చింది. మఠంలో నిచ్చెన మీదుగా దిగే ఒక లోతైన గొయ్యి ఉంది. అర్మేనియాకు క్రైస్తవం తెచ్చిన గ్రెగరీని రాజు అందులో పదమూడేళ్లు బంధించాడని అక్కడివారు చెబుతారు. గొయ్యిలోంచి చెమటలు కక్కుతూ పైకి వచ్చిన జగిత్యాల తమ్ముడు, "గాయన పదమూడేండ్లు ఉన్నడట, మనం పద్నాలుగు దినాలకే పరేషాన్ అయితున్నం" అన్నాడు. అక్కడి ప్రార్థనాలయంలో కొవ్వొత్తులు అమ్మే పెద్దావిడ మేం భారతీయులమని తెలిసి "మద్రాస్" అంది. ప్రపంచంలోనే మొదటి అర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో వెలువడింది మద్రాసులోనే, చెన్నైలో అర్మేనియన్ వీధి ఇప్పటికీ ఉంది.

టీకా సంగతి కూడా చెప్పాలి. యెరెవాన్ వీధుల్లో సంచార కేంద్రాలు మే నుంచీ విదేశీయులకూ ఉచితంగా టీకా వేశాయి. ఇరాన్ నుంచి జనం పోటెత్తడంతో జూలై మధ్యనుంచి కనీసం పది రోజులుగా దేశంలో ఉన్నవారికే అన్న షరతు పెట్టారు. మనవారిలో ఒక్క డోసుతో వచ్చినవారు కొందరు దాన్ని ఉపయోగించుకున్నారు. డబ్బు తీసుకోకుండా, మర్యాదగా, ఇంగ్లిష్ రాకపోయినా ఓపికగా చేసిన సేవ అది.

తిరుగు పరీక్షలో మాత్రం జాగ్రత్త అవసరమైంది. దుబాయ్ విమానానికి 72 గంటలలోపు నమూనా ఇవ్వాల్సి ఉండేది, ఇంగ్లిష్‌లో పత్రం ఉండాల్సి వచ్చేది, దుబాయ్ వీసా ఉన్నవారు జీడీఆర్ఎఫ్ఏ (దుబాయ్ ఇమిగ్రేషన్ శాఖ) అనుమతి, మిగతా ఎమిరేట్లవారు ఐసీఏ (యుఏఈ కేంద్ర ఇమిగ్రేషన్ సంస్థ) అనుమతి ముందే తెచ్చుకోవాల్సి ఉండేది. ప్యాకేజీవారికి ఏజెంటే హోటలుకు ల్యాబు మనుషులను రప్పించాడు. ఫలితాలు ఆలస్యమై కొందరు విమానం తప్పారు. నేరుగా ల్యాబుకు వెళ్లినవారికి అదే రోజు సాయంత్రానికి పత్రం ఫోనులో వచ్చింది. మరో చిక్కు రోజుల లెక్క: దిగిన రోజు 14లో ఒకటా కాదా అన్నదానిపై ఏజెంటు ఒకటి చెబితే కౌంటరు మరొకటి చెప్పింది. దిగిన రోజూ బయల్దేరే రోజూ వదిలేసి, మధ్యలో నిండుగా 14 రోజులు వచ్చేలా టికెట్టు తీసుకున్నవారికి ఏ వాదనా రాలేదు.

దుబాయ్‌లో దిగగానే మరో పరీక్ష చేసి, ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆ వరుస యెరెవాన్ కంటే వేగంగా, చక్కగా కదిలింది. ఇదే పరీక్ష హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చినప్పుడు చేస్తే సరిపోయేది కదా అన్న ఆలోచన వరుసలో ఉన్న ప్రతివారికీ వచ్చి ఉంటుంది. సరిగ్గా అలాంటి ఏర్పాటే ఆగస్టు 5 నుంచి అమలైంది: యుఏఈలో రెండు డోసులు వేసుకుని 14 రోజులు దాటిన నివాసులు ముందస్తు అనుమతి, 48 గంటల పరీక్ష, విమానం ఎక్కే ముందు ర్యాపిడ్ పీసీఆర్‌తో భారతదేశం నుంచి నేరుగా వెళ్లవచ్చన్నారు. కొద్దిరోజులకు ఆ టీకా షరతు దుబాయ్ వీసాలవారికి సడలింది. ఆ ప్రకటన వచ్చేనాటికి యెరెవాన్ ప్యాకేజీకి మొత్తం డబ్బు కట్టి ఇంకా బయల్దేరనివారు వాపసు అడిగారు. విడివిడి రసీదులు ఉన్నవారికి హోటలు, పరీక్షల డబ్బు కొంత తిరిగివచ్చింది, ఒకే మొత్తంగా కట్టి ఫోన్‌లో మాట మాత్రమే తీసుకున్నవారికి ఏమీ రాలేదు.